ఎవరికి దక్కింది?

తెలుగులో చిన్న సినిమాల ప్రసక్తి వచ్చినప్పుడు మనలో చాలామంది ఒక మెత్తని వైఖరి అవలంబిస్తున్నారు. పెద్ద తార లేడు, పెద్ద సంస్థ లేదు, కోట్ల ప్రచారం లేదు. కొత్తవాళ్ళు అప్పో సప్పో చేసి తీశారు. కనుక వీలైతే మెచ్చుకోవాలి, లేకుంటే ఊరుకోవాలి, విమర్శించడం మాత్రం కూడదు అని వీరి వాదం. ఈ వాదంలో మంచి మనసు ఉన్నది, విచారణ లేదు. పెట్టుబడి తగ్గినంత మాత్రాన తలలోని భావాలు స్వతంత్రమైపోవు. దొర కాలు పెట్టని ఇంట్లో కూడా దొర మాట చెల్లుబాటు కావడం తెలంగాణలో పుట్టినవాళ్ళకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

స్వతంత్ర చిత్రమని పేరు పెట్టుకున్నదానిని మనం అడగవలసిన ప్రశ్న ఇది: ఎవరినుంచి స్వతంత్రం? పెద్ద నిర్మాతనుంచి, పంపిణీదారునుంచి, అభిమాన సంఘాలనుంచి విముక్తి పొందిన దర్శకుడు, ఆస్తిని గురించిన పాత ఊహలనుంచి కూడా విముక్తి పొందాడా? ఈ సంగతి తేల్చుకోవడానికి స్నేహితుల మధ్య ముక్కోణపు ప్రేమను వస్తువుగా తీసుకున్న థ్రిల్లరుకంటె మంచి పరీక్ష లేదు. అటువంటి సినిమా తెలుగులో ఒకటి ఉన్నది.

2005లో శేఖర్ సూరి దర్శకత్వంలో ‘ఎ ఫిల్మ్ బై అరవింద్’ వచ్చింది. రాజీవ్ కనకాల, రిషి, మోనా చోప్రా ముఖ్య పాత్రధారులు. అరవింద్ సినిమా దర్శకుడు, రిషి నటుడు. చిన్ననాటి స్నేహితులు, కలిసి విజయాలు చవిచూసినవాళ్ళు. కొత్త చిత్రానికి కథ వెదుకుతుండగా ఒక స్క్రిప్టు చేతికి వస్తుంది. ఇద్దరూ అడవిలోని ఒక అతిథిగృహానికి పోతారు. నీరూ అనే యువతి వారి మధ్యకు వస్తుంది. కాగితం మీద రాసి ఉన్నది కళ్ళముందు జరగడం మొదలవుతుంది. చివరి మలుపు ఏమిటన్నది ఇక్కడ చెప్పను. నా వాదానికి దానితో పని లేదు. పెద్ద హంగులు లేకుండా ఉత్కంఠను నిలిపినందుకు ప్రేక్షకులు ఆదరించారు. 2013లో ‘అరవింద్ 2’ కూడా వచ్చింది.

ఈ సినిమాకు ఉన్న గుణాన్ని కాదనవలసిన పని లేదు. పదిమంది రౌడీలను గాలిలోకి ఎగరగొట్టే వీరుడు లేకుండా కూడా తెలుగు ప్రేక్షకుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టవచ్చునని అది రుజువు చేసింది. అంతకు రెండేళ్ళ ముందు, 2003లో, చంద్రశేఖర్ ఏలేటి ‘ఐతే’ కూడా ఇదే రుజువు చేసింది. ఐతే ఈ రెంటి మధ్య ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. ‘ఐతే’లో నలుగురు స్నేహితులు ఉద్యోగాలు లేనివాళ్ళు. వాళ్ళ సాహసమూ, వాళ్ళ నేరమూ, కథలోని ఉత్కంఠా అన్నీ ఆ ఖాళీ జేబులోనుంచే పుడతాయి. జేబు నిండి ఉంటే ఆ కథ లేదు. దానికి తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది. థ్రిల్లరు అన్నాక సమాజం ఎందుకు, జీవితం ఎందుకు అని వాదించేవాళ్ళకు ఇది చాలినంత సమాధానం.

‘అరవింద్’లో కథను పుట్టించేది ఏమిటి? ఇద్దరు మగవాళ్ళు, ఒక ఆడది, అడవిలో ఒక ఇల్లు. ఈ ఏర్పాటును కేవలం కళాత్మకమైన ఎంపిక అనుకోరాదు. డబ్బు తక్కువైన చోట పాత్రలు తగ్గాలి, స్థలాలు తగ్గాలి, షూటింగు రోజులు తగ్గాలి. ముగ్గురు నటులూ ఒక ఇల్లూ ఉంటే సినిమా అయిపోతుంది. చిన్న నిర్మాతకు థ్రిల్లరంటే మోజు కలగడానికీ, ఆ థ్రిల్లరు తరచు ముక్కోణపు ప్రేమను ఆశ్రయించడానికీ ఉన్న భౌతిక కారణం ఇదే. ఇందులో తప్పు పట్టవలసినది లేదు. బీదతనంలోనుంచి కొత్త శిల్పం పుట్టడం కళాచరిత్రలో ఎన్నోసార్లు జరిగింది.

కాని ఖర్చు తగ్గించడానికి అడవికి పోయినవాళ్ళు, ఖర్చుతోపాటు ఊరినంతా వెనక వదిలేశారు. ఊరితోపాటు కులం పోయింది, ఇంటద్దె పోయింది, తల్లిదండ్రులు పోయారు, లేడీస్ హాస్టలు గేటు మూసే వేళ పోయింది, నెలాఖరు పోయింది. మిగిలినది ఇద్దరి మధ్య ఒక ప్రశ్న: ఈమె ఎవరిది? సినిమా పేరే చూడండి. ఫలానావాడు తీసిన సినిమా అని అది ఒక సంతకం. ముగ్గురిలో ఒకడికి సొంతపేరు శీర్షికకు ఎక్కింది, అతని స్నేహితుడికి పేరూ వృత్తీ రెండూ ఉన్నాయి. వాళ్ళ గతం మనకు తెలుసు, వాళ్ళ విజయాలు తెలుసు, వాళ్ళకు ఏమి కావాలో తెలుసు. మూడో మనిషి మాత్రం వారి దారిలోకి వచ్చి పడిన ఒక రహస్యం. ఆమెను చూసి ఆశ పడవచ్చు, అనుమాన పడవచ్చు, భయపడవచ్చు. ఆమె వైపునుంచి మిగతా ఇద్దరినీ చూడటం మాత్రం మనకు కుదరదు.

ఇది ఒక్క శేఖర్ సూరి మీద మోపవలసిన నేరం కాదు. ముక్కోణపు ప్రేమ అనే పాత అచ్చు ఆయన చేతికి అందినది, ఆయన అందులో పోశాడు. కాబట్టి ఆ అచ్చును పరిశీలిద్దాం.

తెలుగు చెప్పుకునేవాడిని గనక ముందు మాటలతో మొదలుపెడతాను. ఇటువంటి సినిమా చూసి వచ్చిన కుర్రవాణ్ణి కథ ఎట్లా ముగిసిందని అడిగితే, ‘అమ్మాయి ఎవరికి దక్కింది?’ అన్న ప్రశ్నకు జవాబు చెబుతాడు. దక్కడమనే క్రియను మనం దేనికి వాడతాం? పొలం దక్కింది, ఇల్లు దక్కింది, వాటా దక్కింది, కోర్టులో దావా గెలిచి ఆస్తి దక్కింది. ప్రాణం దక్కింది అన్నప్పుడు కూడా పోవలసినది చేజిక్కిందన్న భావమే. అమ్మాయి ఒప్పుకుంటే ‘పడింది’ అంటారు, ఒప్పించినవాడు ‘పడేశాడు’. చేప గాలానికి పడినట్టూ, పిట్ట వలకు పడినట్టూ. ఈ వాక్యాలలో ఆమె ఏ పనికీ కర్త కాదు. కర్త అయిన ఒక్క వాక్యం ‘పడింది’ అన్నదే; అదీ జారిపడటానికి కర్త కావడమే. వ్యాకరణంలోనే ఇంత ఏర్పాటు జరిగిపోయినప్పుడు సినిమా కథలో వేరుగా ఎట్లా ఉంటుంది?

ఇక ముక్కోణపు కథకు మనవాళ్ళు కట్టబెట్టిన గొప్ప నీతి ఒకటి ఉన్నది, త్యాగం. స్నేహితుడి కోసం ప్రేమను త్యాగం చేసినవాణ్ణి చూసి మూడు తరాల ప్రేక్షకులు కన్నీళ్ళు పెట్టుకున్నారు. 1964లో రాజ్‌కపూర్ తీసిన ‘సంగం’ ఇందుకు పెద్ద ఉదాహరణ. రాధ ప్రేమించినది గోపాల్‌ను. ఆ సంగతి గోపాల్‌కు తెలుసు. అయినా స్నేహితుడైన సుందర్ ఆమెను కోరుతున్నాడు గనక తాను తప్పుకుంటాడు. చివరికి తుపాకి పేలుతుంది, గోపాల్ తనను తానే కాల్చుకుంటాడు. దేశమంతా ఆ స్నేహానికి చేతులు జోడించింది.

కాని ఒక్క క్షణం ఆలోచించండి. తనది కానిదానిని ఎవడైనా త్యాగం చేయగలడా? నా దగ్గర లేని భూమిని నేను దానం చేస్తానంటే ఊరు నవ్వుతుంది. స్నేహితుడికి ప్రేయసిని ఇచ్చివేసే మహానుభావుడు, ఇవ్వడానికి ముందే ఆమె తన సొత్తని రిజిస్టరు చేసుకున్నాడన్నమాట. ఆమెను ఇచ్చేవాడూ, పుచ్చుకునేవాడూ ఇద్దరూ మగవాళ్ళే. దస్తావేజు మీద ఆమె వేలిముద్ర కూడా అక్కరలేదు. ఇదే హక్కు త్యాగం చేయడానికి ఇష్టపడనప్పుడు హత్య అవుతుంది. నాకు దక్కనిది ఇంకెవరికీ దక్కరాదంటాడు. త్యాగికీ హంతకుడికీ స్వభావంలో ఎంత తేడా ఉన్నా, ఇద్దరూ పట్టుకున్న దస్తావేజు ఒకటే. మన ముక్కోణపు థ్రిల్లరు చేసిన పనల్లా, త్యాగం ఉన్న చోట కత్తిని పెట్టడం. దస్తావేజును మార్చలేదు.

వాణిజ్య చిత్రాలలో ఈ అచ్చు ఎంత గట్టిపడిందో చూడాలంటే సుకుమార్ తీసిన రెండు సినిమాలు చాలు. 2004లో ‘ఆర్య’. అందులో అజయ్ అనేవాడు తనను ప్రేమించకుంటే దూకి చస్తానని బెదిరించి గీతచేత ఔననిపిస్తాడు. ఆ బెదిరింపును చూసిన ఆర్య, ఆమెను కాపాడటానికి బదులు తానూ ప్రేమిస్తున్నానని వెంటబడతాడు. 2009లో ‘ఆర్య 2’. ఈసారి ఆర్యా అజయ్‌లు అనాథలుగా పెరిగిన స్నేహితులు. ఇద్దరి మధ్యా ఉన్న అమ్మాయి పేరు మళ్ళీ గీతే. అయిదేళ్ళలో నటి మారింది, కథ మారింది. పేర్లు మార్చవలసిన అవసరం కూడా కనబడలేదు. అంతకు ముందు 1996లో తమిళంనుంచి వచ్చిన ‘ప్రేమదేశం’లో అమ్మాయి చివరకు ఇద్దరిలో ఎవరినీ ఎంచుకోదు. అది కొంత నయమే. ఐతే ఆమె నిర్ణయం కూడా ఆ ఇద్దరి స్నేహం చెడకూడదన్న లెక్కమీదే జరుగుతుంది. ఆమెకు వేరే లెక్క ఉండవచ్చునని ఎవరికీ తోచదు.

‘ఆర్య 2’ రావడానికి ఏడాది ముందు, 2008 డిసెంబరులో వరంగల్లులో ఇంజనీరింగు చదివే ఇద్దరమ్మాయిల మీద ఆసిడు పోశారు. ఒకమ్మాయి కొద్దివారాలలోనే మరణించింది. కాదన్నందుకు కక్ష కట్టినవాడు ఒక్కడు. అతని వెంట ఇద్దరు స్నేహితులున్నారని పోలీసులు చెప్పారు. ఆ ముగ్గురూ మూడు రోజులకే, విచారణ జరగకుండానే, పోలీసుల కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసులకు పూలదండలు వేశారు. కథ క్లైమాక్సుకు వచ్చిందనీ, దుష్టులు చచ్చారు గనక ఇళ్ళకు పోవచ్చుననీ అనుకున్నారు. ‘కాదు’ అన్న మాటకు విలువ లేని చోట ఆసిడు ఎట్లా పుట్టిందన్న ప్రశ్న అక్కడే ఆగిపోయింది. 2013లో నేరచట్టాన్ని సవరించి ఆసిడు దాడినీ, ఇష్టం లేని స్త్రీ వెంటబడటాన్నీ ప్రత్యేక నేరాలుగా పేర్కొన్నారు. 2024 జులై 1నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ అవి ఉన్నాయి. చట్టం నేరమన్నదానిని వెండితెర పాటలు పెట్టి చూపిస్తూనే ఉన్నది.

2023 ఫిబ్రవరిలో హైదరాబాదు శివారున అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఒక విద్యార్థి దారుణంగా హత్యకు గురయ్యాడు. చంపాడని పోలీసులు అరెస్టు చేసినది అతని స్నేహితుణ్ణే. ఒక అమ్మాయి విషయంలో పెంచుకున్న పగ అని చెప్పారు. పత్రికలూ టెలివిజనూ మరుక్షణమే దానికి ‘ముక్కోణపు ప్రేమ’ అని పేరు పెట్టాయి. ఒక నిండు ప్రాణం పోయిన కేసుకు సినిమా రకం పేరు అంత సులభంగా ఎట్లా దొరికింది? ఆ పేరు చెప్పగానే కథ తెలిసినట్టే అనిపిస్తుంది గనక. చంపినవాడు ఎందుకు చంపాడన్నదానికన్న, మధ్యనున్న అమ్మాయి ఎటువంటిదన్న ప్రశ్న మీదికి చూపు పోతుంది గనక. సినిమా చూసి చంపాడని నేను అనడం లేదు. అట్లా అనేవాళ్ళు పోలీసు బుద్ధితో సాహిత్యాన్ని చూసేవాళ్ళు. నా అభియోగం వేరు. హత్యను అర్థం చేసుకోవడానికి మన సమాజం చేతిలో ఉన్న పనిముట్టు ఈ అచ్చు ఒక్కటే అయిపోయింది. దానితో చూసినంత కాలం చంపినవాడి హక్కు కనబడదు, ఆమె తప్పు మాత్రం కనబడుతుంది.

ఆ జులైలోనే ‘బేబి’ విడుదలై, చిన్న సినిమాగా వచ్చి పెద్ద విజయం సాధించింది. సాయి రాజేష్ దర్శకుడు. అందులో బస్తీ ఉన్నది, ఆటో నడిపే కుర్రవాడున్నాడు, ఇంజనీరింగు కాలేజీలో డబ్బుగల తోటి విద్యార్థి ఉన్నాడు. అనగా ‘అరవింద్’ అడవిలో పోగొట్టుకున్న నేల ఇక్కడ దొరికింది. బస్తీనుంచి కాలేజీకి పోయిన పిల్లకు రెండు వర్గాల మధ్య ఏమవుతుందన్నది నిజంగా పెద్ద ప్రశ్న. ఆ ప్రశ్నను లేవనెత్తిన దర్శకుడే, దాని బరువునంతా తీసుకుపోయి ఆ పిల్ల శీలం మీద పెట్టాడు. వర్గం చేసిన గాయానికి అమ్మాయిని ముద్దాయిని చేశాడు. నేల ఉంటే చాలదు, చూపు కూడా ఉండాలనడానికి ఇది సాక్ష్యం.

ఇంతకూ చూపు ఎక్కడినుంచి తెచ్చుకోవాలి? దూరదేశాలకు పోనక్కరలేదు. గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో మొదటిసారి ప్రదర్శితమైంది. గిరీశమూ రామప్పంతులూ ఇద్దరూ మధురవాణి తమ సొత్తే అనుకున్నవాళ్ళు. పూటకూళ్ళమ్మ చీపురుతో వచ్చేసరికి ఆ ఇద్దరు హక్కుదార్లూ ఒకే మంచం కింద దూరతారు. గదిలో నిలబడి పరిస్థితిని నడిపేది మధురవాణి. నాటకం పూర్తయ్యేవరకూ నడిపేదీ ఆమే. ముక్కోణంలో ఎవరికి ఎంత స్థానమో గురజాడ ఒక్క మంచంతో తేల్చాడు.

1927లో చలం ‘మైదానం’ వచ్చింది. చలంతో అభ్యుదయవాదులకు ఎన్ని తగాదాలున్నా ఈ విషయంలో ఆయన చేసిన పనిని గుర్తించక తప్పదు. రాజేశ్వరి, అమీర్, మీరా – అదీ ముక్కోణమే. అసూయ ఉన్నది, కత్తి ఉన్నది, చావు ఉన్నది, నేరాన్ని మీద వేసుకోవడం ఉన్నది. నేటి థ్రిల్లరుకు కావలసిన సరుకులన్నీ ఉన్నాయి. కాని కథ చెప్పేది రాజేశ్వరి. తరువాత ఆమె ఏమి చేస్తుందో పాఠకుడికి తెలియదు. ఒక్కోసారి ఆమెకూ తెలియదు. పుస్తకాన్ని కింద పెట్టనివ్వనిది ఆ తెలియకపోవడమే. మన థ్రిల్లరు దర్శకులు గమనించవలసిన శిల్పరహస్యం ఇక్కడ ఉన్నది. ఉత్కంఠ అంటే తెలియనిదానికోసం ఎదురుచూడటం. ముక్కోణపు కథలో అన్నిటికన్న తెలియనిది ఆ స్త్రీ మనసు. దానిని ప్రశ్నగా నిలపకుండా, ఇద్దరు మగవాళ్ళలో ఎవడు ముందు కత్తి తీస్తాడన్నదానిని ప్రశ్నగా నిలిపినవాడు అభ్యుదయానికి చేసిన ద్రోహం సంగతి అట్లా ఉంచి, తన థ్రిల్లరుకే ద్రోహం చేసుకున్నాడు.

సినిమాలో ఇది సాధ్యమా అంటే, మన సికింద్రాబాదునే చూపిస్తాను. 1934లో తిరుమలగిరిలో పుట్టిన శ్యామ్ బెనగల్, 2024 డిసెంబరులో కన్నుమూసేవరకూ సినిమాలను వదలలేదు. ఆయన మొదటి కథాచిత్రం ‘అంకుర్’ 1974లో వచ్చింది. పెద్ద నిర్మాతలు ఎవరూ ముందుకు రాకపోతే వాణిజ్య ప్రకటనల చిత్రాలు ప్రదర్శించే ‘బ్లేజ్’ సంస్థ డబ్బు పెట్టింది. స్వతంత్ర చిత్రమన్న పేరుకు అంతకన్న తగినది అరుదు. తెలంగాణ పల్లె, భూస్వామి కొడుకు సూర్య, పనిమనిషి లక్ష్మి, ఆమె భర్త కిష్టయ్య. కిష్టయ్య మూగ, చెవిటి, కుమ్మరి. ఇదీ ముగ్గురి కథే. కాని ఈ ముక్కోణం కింద భూమి ఉన్నది, కులం ఉన్నది. లక్ష్మి చేతి వంట సూర్య తినడమే ఊరికి వార్త. ఆమె కడుపులో బిడ్డ పెరగడం ఆయనకు పరువు సమస్య. చివరకు పని అడగబోయిన కిష్టయ్యను, పగ తీర్చుకోవడానికి వస్తున్నాడన్న భయంతో సూర్య కొరడాతో కొడతాడు. అప్పుడు లక్ష్మి నోరు విప్పుతుంది. ఒక పిల్లవాడు దొర కిటికీ మీద రాయి విసురుతాడు. ఎవరికి దక్కిందన్న ప్రశ్న ఆ రాయితోపాటే పగిలిపోయింది.

అంత తీవ్రత వద్దనుకుంటే, మెత్తని ఉదాహరణ కూడా సికింద్రాబాదులోనే ఉన్నది. శేఖర్ కమ్ముల 2000లో ‘డాలర్ డ్రీమ్స్’ తీసి, తొలి చిత్రానికి ఇచ్చే జాతీయ పురస్కారం పొందాడు. అక్కడ స్నేహితుల మధ్య చిచ్చు పెట్టేది అమ్మాయి కాదు, అమెరికా. 2004లో పద్మారావునగర్ పరిసరాలలో తీసిన ‘ఆనంద్’లో రూప ఉద్యోగం చేసుకుంటూ ఒంటరిగా బతికే పిల్ల, కాబోయే అత్త పెత్తనం సహించలేక పెళ్ళి పీటలదాకా వచ్చిన సంబంధాన్ని కాదంటుంది. ఆమె ఇంటి పక్కకే చేరి వెంటబడే నాయకుడు అందులోనూ ఉన్నాడు. ఆ లోపాన్ని దాచవలసిన పని లేదు. కాని ఆమె ‘కాదు’ అన్న మాటతో కథ మొదలైంది. ‘ఆర్య’ వచ్చిన సంవత్సరమే ఇదీ వచ్చింది, ఇదీ ఆడింది. ప్రేక్షకులు ఒప్పుకోరన్న సాకు నిలవదు.

నా మీద ఒక ఆక్షేపణ వస్తుందని తెలుసు. ఇప్పటి థ్రిల్లర్లలో స్త్రీయే పన్నాగం పన్నుతుంది, స్త్రీయే చంపుతుంది, ఇక ఆమె నిస్సహాయురాలెట్లా అవుతుంది అంటారు. మాయలాడి పాత్రకు శక్తి ఉన్నమాట నిజం. ఐతే ఆ శక్తి మగవాడి భయంలోనుంచి పుట్టినది. సొత్తు చేజారిపోతుందేమోనన్న యజమాని భయానికి ఆడ వేషం వేస్తే మాయలాడి అవుతుంది. ఆమెకు పన్నాగం ఉంటుంది గాని ఉద్యోగం ఉండదు. రహస్యం ఉంటుంది గాని బాల్యం ఉండదు. దేవతకైనా దయ్యానికైనా ఇంటద్దె కట్టే బాధ లేదు. మనుషులకు ఉన్నది.

కాబట్టి కాలేజీలలో ఫిల్ము సంఘాలు నడిపే విద్యార్థులకూ, వాళ్ళకు అండగా ఉన్న ఉపాధ్యాయులకూ నా సూచన ఇది. చిన్న సినిమాను చూడండి, చూపించండి, టిక్కెట్టు కొని నిలబెట్టండి. బయటికి వచ్చిన తరువాత మలుపు బాగుందా, కెమెరా బాగుందా అన్న చర్చతోపాటు మూడు ప్రశ్నలు తప్పనిసరిగా వేయండి. ఈ అమ్మాయి ఎక్కడ ఉంటున్నది, ఏమి చేసి బతుకుతున్నది? ఈ ఇద్దరూ లేనప్పుడు ఆమె ఎవరితో మాట్లాడుతున్నది? ఆమె ‘మీ ఇద్దరూ వద్దు’ అంటే కథ ఏమవుతుంది? మూడో ప్రశ్నకు ‘కథే లేదు’ అన్న జవాబు వస్తే, ఆ కథ ఎవరి ఆస్తిని కాపాడటానికి రాయబడిందో తేలిపోతుంది.

మన తరగతి గదులలో కూర్చునే మగపిల్లలు రేపో మాపో ఎవరిచేతనో ‘కాదు’ అనిపించుకుంటారు. అది అందరి బతుకులోనూ ఉన్నదే. ఆ రోజున వాళ్ళకు తోడు నిలిచే కథ ఒకటి కావాలి. తప్పుకున్నవాడు త్యాగి కాడనీ, తప్పుకోనివాడు వీరుడు కాడనీ, ఎదుటి మనిషి మాటను మాటగా విన్నవాడు మామూలు మనిషనీ చెప్పే కథ కావాలి. పెద్ద సినిమా దానిని తీయదు. దాని వ్యాపారం వేరు. ముగ్గురు నటులూ ఒక ఇల్లూ చాలుననుకునే చిన్న సినిమాకే ఆ పని చేతనవుతుంది. అది చేయమని అడగడమే దానిని ప్రోత్సహించడం.